ఫోనుకు ఎదురుగా కూర్చుని చెప్పిన బొంత పాఠం

“నా నోరు మూసినావు గదా వదినా, ఇంక దాన్ని తెరిపియ్యాలని సూడొద్దు.”

“తెరిస్తే ఏం ముత్యాలు రాల్తాండాయి పాపా? మూసుకోనే ఉండు.”

నాకూ నా ఆడబిడ్డకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవి. చివరివి అంటే ఆమెకు ఏదో అయిందని కాదు. దోణిమలైలో గుండ్రాయిలాగ ఉంది. గనికి పోయే మొగుడికి పొద్దున్నే రొట్టెలు కట్టిస్తుంది, సాయంత్రం వాకిట్లో కూర్చుని దారిన పోయే వాళ్లందరినీ పలకరిస్తుంది. నాతో మాత్రం మాట్లాడదు. ఎండలు మండేటప్పుడు మొదలైన మౌనం ఇది. వానలు కూడా వచ్చాయి, అది కరగలేదు.

ఇదంతా రాస్తున్నది నా కోడలు. నాకు నా పేరు రాయడం, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం వరకే వచ్చు. ఈ కోడలు ఎవరంటే ఆ ఆడబిడ్డ కూతురే. మాది మేనరికం. అంటే నేను తిడుతున్నది ఆమె తల్లిని, రాస్తున్నది ఆమె. రాయనంటుందేమో అనుకున్నాను. “నువ్వు చెప్పత్తా, ఉండేది ఉన్నట్ల రాస్తా” అంది. మధ్యమధ్యలో పెన్ను ఆపి నా మొహం చూస్తోంది. చూడనీ.

ఎందుకు రాయిస్తున్నానంటే, ఫోనులో క్లాసులు నడిపే ఆడవాళ్ల సంఘం వాళ్లు అడిగారు. చేతిపనులు నేర్పేవాళ్లందరూ క్లాసు చెప్పడం ఎట్లా నేర్చుకున్నారో చెప్తే, కొత్తగా చెప్పబోయేవాళ్లకు ఒక పుస్తకం వేస్తారట. వాళ్లకు కావలసింది నాలుగు మంచి మాటలు. నా దగ్గర ఉన్నది విసుగు. అడిగారు కాబట్టి దాన్నే ఇస్తున్నాను.

నేను బొంతలు కుడతాను. కన్నడం వాళ్లు కౌది అంటారు. పాత చీరలు, పంచెలు, అంగీలు ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి లోపలికి వరుస వెంట వరుస కుట్టుకుంటూ పోవాలి. మా అత్త నేర్పింది. ఆమె నేర్పింది అంటే నోటితో ఏమీ చెప్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుంది. నా భుజం ఆమె భుజానికి తగిలేది. ఆమె సూది ఎటు పోతే నా సూది అటు పోయేది. తప్పు కుడితే మోచేత్తో ఒక పోటు. అంతే పాఠం. ఆ బొంతకు రెండో పక్క నా ఆడబిడ్డ కూర్చునేది. నేను కాపురానికి వచ్చేటప్పటికి లంగా కట్టుకుని తిరిగే పిల్ల. అప్పటి నుంచి పాపా అనే పిలుస్తున్నాను. ఆ పాపకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు.

సంఘం మేడం బళ్లారి గాంధీనగర్‌లోని మా ఇంటికి వచ్చి, “అమ్మా, మీరు ఫోనులో నేర్పండి, ఎక్కడెక్కడి అమ్మాయిలో నేర్చుకుంటారు” అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఫోనుకు మోచేత్తో పోటు ఎట్లా పొడవాలి? కానీ మా ఆయన పోయాక ఇంట్లో పొద్దు పోవడం కష్టంగా ఉంది. సరే అన్నాను.

మేడం నేర్పినవి ఇవి. ఫోను స్టాండుకు పెట్టి దానికి ఎదురుగా కూర్చోవాలి. ముందు అందరి పేర్లు అడగాలి. మాట్లాడేటప్పుడు ఫోను పైన ఉండే నల్లచుక్క వైపు చూడాలి, బొమ్మల వైపు కాదు. నడుమ నడుమ అర్థమైందా అని అడగాలి. ఎవరింట్లోనైనా గోల ఎక్కువైతే వాళ్ల బొమ్మను ఒత్తిపట్టి మైకు గుర్తు మీద తాకాలి. దానికి ఎర్రగీత పడుతుంది, వాళ్ల గొంతు ఆగిపోతుంది.

మొదటి ఆదివారం నేను నల్లచుక్క వైపు చూస్తూ మాట్లాడాను. సూది వేలికి గుచ్చుకుంది. సూది వైపు చూస్తూ మాట్లాడాను. “ఆంటీ, మీ నెత్తి తప్ప ఏం కనపడలేదు” అన్నారు. నా గొంతు సంగతి వేరే చెప్పాలి. పెళ్లైన కొత్తలో ఎండుమిరపకాయల గోడౌనులో తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. ఆ ఘాటుకు గొంతు గీసుకుపోయింది, మళ్లీ బాగుపడలేదు. ఎదురుగా మాట్లాడితే జనం అలవాటు పడతారు. ఫోనులో నేను “బాగుందమ్మా” అన్నా తిట్టినట్లే వినిపిస్తుందట. హుబ్బళ్లి నుంచి చేరిన ఒక అమ్మాయి భయపడి తన బొమ్మే ఆపేసింది. మేడం నాకు ఫోను చేసి, “కొంచెం మెత్తగా చెప్పండమ్మా” అంది. మెత్తగా చెప్పే గొంతు నా దగ్గర ఉంటే చెప్పనా!

ఇంక అర్థమైందా అన్న ప్రశ్న. దాని అంత పనికిమాలిన ప్రశ్న ఇంకొకటి లేదు. అడిగానో లేదో అందరూ తలలు ఊపుతారు. ఒకామె వెనక కుక్కరు కూస్తుంటుంది, ఒకామె పిల్లకు అన్నం పెడుతుంటుంది, తలలు మాత్రం ఊగుతుంటాయి. పెద్దామె అడిగింది, కాదంటే బాగుండదని. మా అత్త ముందు నేను ఊపినట్లే. ఆమెకైతే నా కుట్టు కళ్ల ముందు కనపడేది. నాకు కనపడుతున్నవి తలలు.

“ఆంటీ, చెయ్యి తిరగతా లేదు, మణికట్టు నొప్పి పుడతాంది” అని ఇద్దరు ముగ్గురు అంటూనే ఉన్నారు. నేనేమన్నాను? “ఫోను పట్టుకోని పట్టుకోని మీ చేతులు అట్లైనాయి. కుట్టండి, అదే వస్తాది.” బాగా అన్నాననే అనుకున్నాను.

ఆడబిడ్డ ఈ క్లాసులోకి వచ్చింది నేను పిలిచినందుకే. అది కూడా రాయి. నేర్చుకునేవాళ్లకు చూపించడానికి నేను కుడుతున్న బొంత మా ఆయన బట్టలతో మొదలుపెట్టింది. ఆయన హగరి ఏటి పక్క పొలాల్లో పనిచేసేవాడు. ఖాకీ అంగీలు, నీలం గళ్ల పంచెలు. ఆయన పోయాక వాటిని ఎవరికీ ఇవ్వలేకపోయాను, కట్టేవాళ్లు లేరు, పారేయలేను. బొంత చేద్దామంటే ఆడబిడ్డ సరే అంది. ఆమెకు అన్న, నాకు మొగుడు. ఇద్దరికీ వాటా ఉన్న బట్ట. పనిలో పనిగా ఆమె కూడా అటు దోణిమలై నుంచి క్లాసులో కూర్చుంటే ఇంకో చెయ్యి ఉన్నట్లుంటుంది అనుకున్నాను.

ముక్కలు కోసేటప్పుడే మాకు ఒక తగువు నడిచింది. ఖాకీ అంగీ జేబు ఊడదీద్దామన్నాను, బొంతలో ఎత్తుగా ఉంటుందని.

“జేబు తీయొద్దు వదినా. మా యన్న బీడీలు పెట్టుకుండేది దాంట్లోనే.”

“బీడీల కోసరమని బొంతలో జేబు పెట్టేదా? కప్పుకున్నోళ్లు నవ్వుతారు.”

“నవ్వనీ. పొట్ట దగ్గర పెట్టు దాన్ని. రొట్టె తునక ఆ జేబులోనే ఏద్దాం.”

పొట్ట అంటే ఏమిటో చెప్పాలి. బొంత అంచు నుంచి చుట్టూ కుట్టుకుంటూ వస్తే చివరకు నడిమధ్యలో అరచేయంత చోటు మిగులుతుంది. దాన్ని బొంత పొట్ట అంటాం. ఖాళీ పొట్ట మూయకూడదు. చిన్న జొన్నరొట్టె తునకో, నాలుగు గింజలో వేసి మూయాలి. లేకపోతే ఆ బొంత కప్పుకున్నవాళ్లకు ఎంత తిన్నా ఆకలి తీరదని మా అత్త చెప్పేది. మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. పొట్ట ఒక్కరే మూయరు. ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్క నుంచి రెండు సూదులతో కుట్టుకుంటూ వచ్చి నడుమ కలవాలి. మా అత్త పోయినప్పటి నుంచి ఆ రెండు సూదులు నావీ, ఆడబిడ్డవీ. ఎన్ని బొంతలు మూశామో లెక్క లేదు.

జేబు సంగతిలో నేనే తగ్గాను. ఉంచాను. ఇది కూడా రాయి, నేనెప్పుడూ తగ్గనని అంటుంది కదా మీ అమ్మ.

మా మాటలు ఆగిపోయిన ఆదివారం నేను మూడో వరుస చూపిస్తున్నాను. ఎండ మండిపోతోంది. ఒకరింట్లో మిక్సీ, ఒకరింట్లో టీవీ, ఒకరి గోడ అవతల మేకలు. ఆ గోలలోనే ఆడబిడ్డ గొంతు వచ్చింది.

“వదినా, రవ్వంత ఆపు. నీది కాదు, ఆ పిల్లోళ్లు కుట్టేది సూడు.”

“నువ్వు కుట్టుకో పాపా, నేను చెప్తాండా గదా.”

“నువ్వు చెప్పేది బాగనే ఉండాది. ఆడ జరిగేది వేరే ఉండాది. ఆపంటే ఆపవేంది?”

“క్లాసు నాదా, నీదా?”

అమ్మాయిలు నవ్వారు. ఆమె ఊరుకోలేదు. చిన్నప్పటి నుంచి అంతే, నేను వేసిన ప్రతి కుట్టు మీద ఆమెకు ఒక మాట ఉంటుంది. ఇల్లలికినా అంతే, పప్పు చేసినా అంతే. అందరి ముందర, ఊరూపేరూ తెలియని అమ్మాయిల ముందర కూడా అదేనా అని నాకు ఒళ్లు మండింది. మేడం నేర్పిన పని గుర్తుకొచ్చింది. ఆమె బొమ్మను ఒత్తిపట్టి మైకు గుర్తు తాకాను. ఎర్రగీత పడింది. ఫోనులో ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. చెయ్యి ఊపింది, తన బొంత ఎత్తి చూపించింది, వేలితో ఇటూ అటూ గీసింది. గొంతు లేదు. అమ్మాయిలు ఇంకా ఎక్కువ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంక గోల లేదులే అనుకుని నాలుగో వరుస కూడా చెప్పేశాను.

క్లాసు అయిన వెంటనే ఆమె ఫోను చేసింది. పైన రాయించిన రెండు మాటలూ అప్పుడు అనుకున్నవే. ఎందుకు ఆపమన్నదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాతి వారం ఒకమ్మాయి తన బొంత ఎత్తి చూపించింది. ఏడో నెల కడుపుతో ఉంది, పుట్టబోయే బిడ్డకు కుట్టుకుంటోంది. పసుపు చీర, ఎర్ర ముక్కలు, చూడముచ్చటగా ఉంది. “ఆంటీ, ఎట్లుండాది?” అంది. నేను మెచ్చుకోబోయి ఆగిపోయాను. మూల నుంచి కుట్టు ఎడమ చుట్టుగా పోయింది. నాలుగు వరుసలూ అంతే. ఇంకొకరిని చూపించమన్నాను. అదీ ఎడమ చుట్టే. అందరినీ ఎత్తమన్నాను. ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఎడమ చుట్టే.

మా ఇళ్లల్లో బొంత కుడి చుట్టుగానే, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్లే పోతుంది. ఎడమ చుట్టు బొంత ఒకటే ఉంది. మనిషి పోయినప్పుడు కింద పరిచేది. ఆయనకు కూడా అట్లాంటిదే పరిచాం. ఇప్పుడు నా క్లాసులో అందరూ, కడుపుతో ఉన్న అమ్మాయితో సహా, అదే కుట్టి నా ముందు ఎత్తి పట్టుకుని నవ్వుతున్నారు.

నా గొంతు సంగతి తెలుసు కదా. “ఎవురు చెప్పినారు మీకు ఇట్ల కుట్టమని!” అని అరిచాను.

“మీరే ఆంటీ! మీరు ఎట్ల కుడితే అట్లే కుట్టినాము” అందా అమ్మాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను అట్లా కుట్టలేదు. జన్మలో కుట్టలేదు. నేను నా బొంత చూపించాను, కుడి చుట్టే. వాళ్లు వాళ్లవి చూపించారు, ఎడమ చుట్టే. ఫోను తిప్పేసిందేమో అని ఫోనును తిట్టాను. మేడంను తిట్టాను. ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేశాను.

కోడలే కనిపెట్టింది. నన్ను బొంత ముందు కూర్చోబెట్టి, తాను ఫోను ఉండే చోట ఎదురుగా కూర్చుంది. ఒక గుడ్డ తీసుకుని, “కుట్టత్తా, నిన్ను సూసి నేను కుడతా” అంది. నా చెయ్యి కుడి నుంచి ఎడమకు పోతోంది. ఎదురుగా కూర్చున్న ఆమెకు నా కుడి ఆమె ఎడమ పక్క ఉంది. నా చెయ్యి తన కంటికి ఎటు పోతే ఆమె చెయ్యీ అటే పోయింది, ఎడమ నుంచి కుడికి. అద్దంలో చూసి దువ్వుకున్నట్లు. కుడిచేతి వాటం వాళ్లు అట్లా కుడితే మణికట్టు నొప్పి పుట్టక ఏమవుతుంది? వాళ్లు మొదటి నుంచి మొత్తుకుంటూనే ఉన్నారు.

మా అత్త ఎప్పుడూ ఎవరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పలేదు. పక్కనే. బాగా వచ్చాక మాత్రమే ఎదురు పక్కకు పంపేది. నేను నల్లచుక్కకు ఎదురుగా కూర్చుని, అది మరిచిపోయాను.

“అమ్మ ఆ దినం చెప్పింది ఇదే గదత్తా” అంది కోడలు.

“తెలుసు. ఊరుకో.”

ఆమెకు కనపడింది ఎందుకంటే ఆమె కూర్చున్నది వాళ్లు కూర్చున్న పక్కే. నాకు కనపడలేదు. అంతమాత్రానికి అందరి ముందర ఆపు ఆపు అని అరవాలా? ఇదిగో, ఎడమ చుట్టు పోతాండాది అని ఒక్క ముక్క ముందే చెప్పకూడదా? చెప్పేలోపల నేను ఎర్రగీత వేశానంటావా. సరే. అది కూడా రాసుకో.

తర్వాత ఫోనును నా వెనకకు మార్చడానికి పడిన పాట్లు చెప్తే ఇంకో పుస్తకం అవుతుంది. స్టాండు నా భుజం ఎత్తుకు రాదు. బియ్యం డబ్బా మీద పెడితే నా వీపే కనపడింది. చివరకు పైకప్పుకు ఉన్న ఉయ్యాల కొక్కెం గుర్తొచ్చింది, నా కొడుకును ఊపిన కొక్కెం. పాత రవికెగుడ్డతో జోలె కట్టి, దానికి చిల్లి చేసి, ఫోను కన్ను ఆ చిల్లిలో నుంచి నా భుజం మీదుగా కిందికి చూసేటట్లు వేలాడదీశాం. ఫ్యాను వేస్తే జోలె ఊగుతుంది. “ఆంటీ, తల తిరగతాంది, వాంతి వస్తాంది” అని కడుపుతో ఉన్న అమ్మాయి గొడవ. ఫ్యాను ఆపితే బళ్లారి ఎండ. చెమట ముక్కు మీద నుంచి బొంత మీద పడుతుంటే కుట్టాను. కానీ నా చేతులు వాళ్లకు వాళ్ల చేతుల్లాగే కనపడ్డాయి. మొదటిసారి మణికట్టు నొప్పి అని ఎవరూ అనలేదు.

వేసిన వరుసలన్నీ విప్పించాను. ఒకామె, “ఇవన్నీ నేను నమ్మను ఆంటీ, నాది ఎడమ చుట్టే ఉండనీ” అంది. “నమ్మకపో తల్లీ, నీ చెయ్యి నొప్పన్నా నమ్ము” అన్నాను. విప్పింది. కడుపుతో ఉన్న అమ్మాయి ఒక్కమాట అనకుండా విప్పింది, చివరి దారం లాగి ముక్కు చీదుకుంది. నాకు ఎంత సిగ్గేసిందో మేడంకు చెప్పలేదు.

ఇప్పుడు అర్థమైందా అని అడగను. “ఎత్తి చూపించండి” అంటాను. చూపించేదాకా ముందుకు పోను. గోల ఉంటే ఉండనీ, ఎవరికీ ఎర్రగీత వేయను. మేకలు అరిస్తే మేకలతో పాటే చెప్తాను.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఎర్రగీత వేసే వీలు నాకుంది కానీ, తీసే వీలు నాకు లేదు. నేను తాకితే వాళ్ల ఫోనులో “తెరుస్తారా?” అని ఒక మాట పోతుందట, అంతే. వాళ్లు తమ వేలితో తెరవాలి. ఇట్లాంటి ఏర్పాటు చేసినవాడు ఎవడో గానీ, ఏ ఇంట్లో పుట్టి పెరిగాడో.

ఎందుకు చెప్తున్నానంటే, ప్రతి ఆదివారం క్లాసులో ఒక నల్ల గడి ఉంటుంది. బొమ్మ లేదు, ఒక అక్షరం మాత్రం ఉంటుంది. ఎవరిది అని అడిగితే కోడలు తలవంచుకుని, “అమ్మది” అంది. అలిగిన రోజు నుంచి ఒక్క క్లాసూ తప్పలేదట. నేను విప్పించేటప్పుడూ ఉంది. నేను చెమటలు కార్చేటప్పుడూ ఉంది. ఎర్రగీతతో ఉంది. తెరవమని ఎన్నిసార్లు తాకానో. తెరవదు. పోదు కూడా. పోతే పోయిందిలే అనుకోవచ్చు కదా!

“ఎవురికైనా ఏమైనా తప్పు కనపడితే చెప్పండి, నేనేమీ అనుకోను” అని రెండు వారాలుగా అందరికీ చెప్తున్నాను. అమ్మాయిలు ఒకటే చెప్పడం మొదలుపెట్టారు, ఆంటీ మీ దారం చిక్కు పడింది, ఆంటీ మీ కొంగు అడ్డం వచ్చింది అని. చెప్పవలసిన మనిషి చెప్పదు.

ఆయన బొంత పొట్ట దాకా వచ్చింది. ఖాకీ జేబు నడిమధ్యలో తెరిచి ఉంది. వచ్చే ఆదివారం క్లాసు పొట్ట మూయడం. అమ్మాయిలందరూ ఎదురుచూస్తున్నారు, వాళ్ల ఇళ్లల్లో రెండో సూది ఎవరిదో మాట్లాడుకుని పెట్టుకున్నారు. ఒకామె అత్త అట, ఒకామె పక్కింటామె అట. “ఆంటీ, మీకు ఎవురు?” అని అడిగారు. నేను చిక్కు విప్పుతున్నట్లు దారం చూసుకున్నాను.

కోడలు రెండో సూది తాను పట్టుకుంటానంటోంది. పట్టుకోగలదు, దాని కుట్టు బాగుంటుంది. కానీ వద్దన్నాను. ఈ బట్టలో వాటా ఉన్న మనిషి ఉంది. నా సూది ఈ పక్క గుచ్చి ఉంచాను. ఆ పక్క ఇంకో సూదికి దారం ఎక్కించి అంచుకు పెట్టాను. దోణిమలై నుంచి బస్సుకు ఎంతసేపని! రాకపోతే పొట్ట తెరిచే ఉంటుంది, అమ్మాయిలకు అదే చెప్తాను. మూయడం ఇంకో రోజు చూపిస్తానంటాను. మేడం కోప్పడితే కోప్పడనీ.

ఇది మీ అమ్మకు పంపమని నేను చెప్పలేదు. చెప్పలేదని కూడా రాయొద్దు. రాసేశావా? రాస్తే రాశావులే.

పుస్తకం వాళ్లకు ఇచ్చే ముందు నాకు ఒకసారి మొత్తం చదివి వినిపించు. నీ తల్లి మాటలు నీ తల్లి అన్నట్లే ఉన్నాయా, నావి నేను అన్నట్లే ఉన్నాయా వినాలి. యాడన్నా ఆమెను ఎక్కువ అన్నానేమో, అక్కడ నువ్వు ఆగు, నేను చెప్తాను. ఫ్యాను ఆపు, గొంతు సరిగా వినపడనీ. ఊఁ, మొదటి నుంచి. నా నోరు మూసినావు గదా అన్న దగ్గర నుంచి చదువు.